డౌన్‌హిల్ బైక్‌లో ఏ భాగం ఎంత ముఖ్యం? ట్రావెల్ అంకె చెప్పని లెక్కలు

క్లుప్తంగా: డౌన్‌హిల్ (మౌంటెన్ బైక్ మీద కొండ దిగే పందెం) సామగ్రి గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించేది సస్పెన్షన్ ట్రావెల్. బండి అదుపులో ఉంటుందా లేదా అన్నది మాత్రం ముందు టైరు మీద, తర్వాత బ్రేకు మీద, ఆ తర్వాత సస్పెన్షన్‌ను రైడర్ బరువుకు తగ్గట్టు సరిచేయడం మీద ఆధారపడుతుంది. ఒక భాగాన్ని గట్టిది బిగిస్తే, అది మోసే భారం పక్క భాగానికి చేరుతుంది. విడిభాగాలను ఒక్కొక్కటిగా పోల్చి కొనేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే.

ఆస్ట్రియాలోని లియోగాంగ్ ట్రాక్ మీద వరసగా రెండేళ్లు ఒకే రేసర్‌ బైక్‌లో రెండు వేర్వేరు భాగాలు దెబ్బతిన్నాయి. 2014 ప్రపంచ కప్ రేసులో అమెరికన్ రైడర్ ఆరన్ గ్విన్ టైరు పంక్చరైంది. టైరు ఊడి, అతను రిమ్ము మీదే కిందకు చేరాడు. గెలుపు ఊసే లేదు. 2015లో అదే చోట స్టార్ట్ గేటు దాటుతూనే చైన్ తెగింది. పెడల్ తొక్కే వీలే లేకుండా కొండ దిగి, ఆ రేసు గెలిచాడు.

ఒక రైడర్ రెండు రేసులను పట్టుకుని సిద్ధాంతం కట్టలేం. కానీ కొండ దిగే పందెంలో ఏ భాగం లేకపోతే ఏమవుతుందో ఇంత సూటిగా చూపిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. బైక్ వివరాల పట్టికల్లో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. పైన గేర్ల పేరు, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే గొట్టాల జత) ట్రావెల్ పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. టైరు కేసింగ్ ఏ రకమో, బ్రేక్ ప్యాడ్ దేనితో చేశారో చివర్లో ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

## పైకి ఎలా చేరతారన్నదే మొదటి ప్రశ్న

మౌంటెన్ బైకుల రకాల మధ్య ఒకప్పుడు ఉన్న గీతలు బాగా చెరిగిపోయాయి. అయోమయానికి అసలు కారణం అదే. చక్రం ఎంత మేరకు పైకీ కిందకీ కదలగలదో చెప్పే కొలతే ట్రావెల్. క్రాస్ కంట్రీ బైకుల్లో అది సాధారణంగా 100 నుంచి 120 మి.మీ., ట్రైల్ బైకుల్లో 130 నుంచి 150, ఎండ్యూరో బైకుల్లో 160 నుంచి 180, డౌన్‌హిల్ బైకుల్లో 200 మి.మీ. ఉంటుంది. ఎండ్యూరోకూ డౌన్‌హిల్‌కూ తేడా కాగితం మీద 20 నుంచి 40 మి.మీ. మాత్రమే. ఫోర్క్ నేలతో చేసే కోణం, అంటే హెడ్ యాంగిల్, రెండింటిలోనూ 63 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటోంది. చూపుకు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

అసలు తేడా పైకి వెళ్లే పద్ధతిలో ఉంది. ఎండ్యూరో బైక్‌ను తొక్కుకుంటూ పైకి తీసుకెళ్లవచ్చు. దానికి తగ్గట్టు సీటు నిటారుగా వస్తుంది, బటన్ నొక్కితే సీటు పోస్టు దిగుతుంది, పెద్ద పళ్ల గేరు ఉంటుంది. డౌన్‌హిల్ బైక్ లిఫ్ట్ మీదో, వాహనంలోనో పైకి చేరుతుందన్న లెక్కతో తయారవుతుంది. సీటు ఎప్పుడూ కిందే ఉంటుంది, గేర్లు ఏడు చాలు, బరువు 15 నుంచి 17 కిలోల మధ్య ఉన్నా ఎవరూ పట్టించుకోరు. కొన్ని ప్రపంచ కప్ జట్లు ఫ్రేమ్ అడుగున కావాలనే అదనపు బరువు బిగించి పరీక్షలు చేశాయి. బరువు పెరిగితే బండి రాళ్ల మీద తక్కువ ఎగురుతుందన్నది వాళ్ల ఆలోచన.

లిఫ్ట్ ఉన్న బైక్ పార్కుకు తరచూ వెళ్లేవారికి డౌన్‌హిల్ బైక్ అర్థవంతమైన కొనుగోలు. ఏడాదికి ఏ నాలుగైదు సార్లో వెళ్లి, మిగతా రోజుల్లో తొక్కుకుంటూ ఎక్కేవారికి ఎండ్యూరో బైక్‌కే డౌన్‌హిల్ టైర్లు, పెద్ద బ్రేక్ రోటర్లు (చక్రంతో తిరిగే బ్రేకు డిస్కులు) వేయించడం మేలైన దారి. రైడర్ నైపుణ్యం పరిమితంగా ఉన్నప్పుడు 200 మి.మీ. ట్రావెల్ కొన్ని పొరపాట్లను కప్పేస్తుంది. అది లాభమే, కాకపోతే ఏ రాయి ఎలా తగిలిందో కింద నుంచి అందే సమాచారం కూడా దానితోపాటే మరుగునపడుతుంది.

## నేలను తాకేది టైరొక్కటే

బ్రేకు ఎంత బలంగా పట్టినా, సస్పెన్షన్ ఎంత మెత్తగా కదిలినా, ఆ పని నేలకు చేరేది టైరు ద్వారానే. టైరును దాని మీద లేచి ఉండే రబ్బరు బిళ్లల ఆకారం చూసి ఎంచుకోవడం మామూలు అలవాటు. నిజానికి చూడాల్సిన వరుస వేరు: ముందు కేసింగ్, తర్వాత రబ్బరు, చివరికి బిళ్లలు.

కేసింగ్ అంటే రబ్బరు లోపల ఉండే నేత పొర. తేలికపాటి ట్రైల్ టైరులో ఈ పొర ఒకటే, పక్క గోడలు పల్చన. డౌన్‌హిల్ టైరులో రెండు పొరలుంటాయి, రిమ్ము దగ్గర అదనపు పట్టీలు కూడా చేరతాయి. అందుకే 29 అంగుళాల డౌన్‌హిల్ టైరు ఒక్కటే 1.3 కిలోల దాకా తూగుతుంది. అదే కొలతలో పల్చటి కేసింగ్ టైరు ఒక కిలో చుట్టుపక్కల ఉంటుంది. ఒకే టైరు పేరు మీద మూడు నాలుగు కేసింగ్‌లు అమ్ముతారు. మాక్సిస్ కంపెనీ అసెగాయ్‌నే తీసుకుంటే, ఎక్సో, ఎక్సో ప్లస్, డబుల్ డౌన్, డీహెచ్ అని వేర్వేరు రకాల్లో దొరుకుతుంది. పేరు చూసి కొంటే పైన బిళ్లలు ఒకటే వస్తాయి, లోపల సరుకు మారిపోతుంది.

మందపు కేసింగ్ వల్ల పంక్చర్లు తగ్గుతాయన్నది అందరికీ తెలిసిన సంగతి. అంతకంటే విలువైనది గాలి ఒత్తిడి విషయంలో దొరికే వెసులుబాటు. పల్చటి టైరులో గాలి తక్కువ పెడితే రాయి తగిలినప్పుడు టైరు నలిగి రిమ్ముకు కొట్టుకుంటుంది, మలుపులో పక్కకు మడత పడుతుంది. దాన్ని ఆపడానికి గాలి పెంచాలి. గాలి పెంచితే టైరు గట్టిపడి, రాళ్ల ఆకారానికి ఒదగకుండా వాటి మీద గెంతుతూ పోతుంది, పట్టు పోతుంది. మందపు టైరు తన గోడల బలంతోనే నిలబడుతుంది కాబట్టి గాలి కాస్త తగ్గించుకోవచ్చు. డౌన్‌హిల్‌లో మామూలుగా వాడే ఒత్తిడి 20 నుంచి 30 పీఎస్ఐ మధ్య ఉంటుంది. వెనక చక్రంలో ముందు దానికంటే రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ పెడతారు. ఈ పరిధిలో రెండు పీఎస్ఐ తేడా కూడా చేతికి తెలుస్తుంది. ఖచ్చితమైన గేజ్ ఒకటి కొనడం ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో వచ్చే మెరుగుదల.

రబ్బరు మెత్తదనాన్ని షోర్ ఏ కొలమానంలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన. 42 దగ్గర ఉండే రబ్బరు తడి రాయి మీద, చెట్ల వేర్ల మీద బాగా పట్టుకుంటుంది. మెత్తదనంతో పాటు మరో గుణం కూడా పనిచేస్తుంది: నొక్కుకుపోయిన రబ్బరు తిరిగి నెమ్మదిగా లేస్తుంది కాబట్టి రాయిని అంటిపెట్టుకుని ఉంటుంది. తొక్కేటప్పుడు బరువుగా లాగినట్టు అనిపించేదీ ఈ గుణం వల్లనే. ముందు టైరు జారితే పడిపోవడం దాదాపు ఖాయం, వెనకది జారితే సరిచేసుకునే అవకాశం ఉంటుంది. అందుకని ముందు మెత్తటి రబ్బరు, వెనక కాస్త గట్టిది వేసే పద్ధతి చాలామంది పాటిస్తారు. వెనక టైరు త్వరగా అరుగుతుంది కాబట్టి అది ఖర్చును కూడా అదుపులో పెడుతుంది.

బిళ్లల విషయం త్వరగా తేలిపోతుంది. బురదకు పొడవాటి, దూరంగా అమర్చిన బిళ్లలు కావాలి. గట్టి నేల మీద అవే బిళ్లలు వంగి బండిని ఊపుతాయి. మిగతా అన్ని చోట్లా మధ్యరకం టైరు సరిపోతుంది.

## దిగిన ఎత్తంతా వేడిగా మారే చోటు

రైడర్, బైక్ కలిపి 100 కిలోలనుకుంటే, 500 మీటర్ల ఎత్తు దిగేసరికి విడుదలయ్యే శక్తి సుమారు 490 కిలోజౌళ్లు. లీటరున్నర నీళ్లను మామూలు గది వేడి నుంచి మరిగించడానికి సరిపోయే శక్తి అది. నాలుగు నిమిషాల్లో దిగితే సగటున రెండు కిలోవాట్లు. 20 శాతం వాలు మీద ఆ బరువును కిందకు లాగే బలం 190 న్యూటన్ల దాకా ఉంటుంది. గంటకు 40 కి.మీ. వేగంలో గాలి నిరోధం అందులో ఇంచుమించు పావు వంతును మాత్రమే తీసుకుంటుంది. టైర్లు, సస్పెన్షన్ మింగేది పోగా మిగిలినదంతా రెండు పల్చటి స్టీలు రోటర్ల దగ్గరకే చేరుతుంది.

ఈ సమస్య క్రీడంత పాతది. 1976లో కాలిఫోర్నియాలోని ఫేర్‌ఫాక్స్ దగ్గర మొదలైన పందేల్లో పాత సైకిళ్ల హబ్ బ్రేకులు ఎంత వేడెక్కేవంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాత హబ్ విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. ఆ దారికి రీప్యాక్ అన్న పేరు అలాగే వచ్చింది.

ఇప్పటి డౌన్‌హిల్ బ్రేకులు నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ రకం. రోటర్లు 200, 203, 220 మి.మీ. కొలతల్లో వస్తాయి. ఆపే బలం రోటర్ వ్యాసార్థాన్ని బట్టి పెరుగుతుంది. 180 నుంచి 203కు మారితే లీవర్ మీద అదే వేలి ఒత్తిడికి దాదాపు 13 శాతం ఎక్కువ పట్టు వస్తుంది, 200 నుంచి 220కి మారితే 10 శాతం. వేడిని వదలడానికి లోహం కూడా పెరుగుతుంది కాబట్టి లాభం రెండు రకాలుగా ఉంటుంది. బ్రేకుల సెట్టు మొత్తం మార్చే ముందు రోటర్, ప్యాడ్ మార్చి చూడటం చవకైన ప్రయోగం.

ప్యాడ్లు ప్రధానంగా రెండు రకాలు. రెజిన్ ప్యాడ్ చప్పుడు లేకుండా, చల్లగా ఉన్నప్పుడే బాగా పడుతుంది కానీ వేడెక్కితే ఉపరితలం గాజులా నున్నబడి పట్టు కోల్పోతుంది, తడిలో త్వరగా అరుగుతుంది. లోహపు పొడిని అదిమి చేసిన సింటర్డ్ ప్యాడ్ వేడిని తట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, కాస్త అరుస్తుంది. పొడవైన దిగుడులకు రెండోదే సరైనది. ఏది వేసినా కొత్తప్పుడు ఓ మోస్తరు వేగం నుంచి పదే పదే నెమ్మది చేస్తూ ప్యాడ్‌ను రోటర్‌కు అలవాటు చేయాలి. ఇది చేయకుండా నేరుగా కొండ మీదకు వెళ్లి, బ్రేకులు బాగా లేవని కంపెనీ మార్చేసేవారు కొందరుంటారు.

బ్రేకు తగ్గిపోయినప్పుడు లోపం ఎక్కడుందో లీవరే చెబుతుంది. లీవర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే వేడెక్కినవి ప్యాడ్లు. లీవర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే లోపలి ద్రవం మరిగి ఆవిరి బుడగలు చేరాయని అర్థం. డాట్ 5.1 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 180కి పడిపోతుంది. అందుకే దాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి. మినరల్ ఆయిల్ తేమను పీల్చదు. ఎలాగో లోపలికి చేరిన నీటి చుక్క మాత్రం విడిగా కిందకు దిగి, కేలిపర్ (ప్యాడ్లను రోటర్‌కు నొక్కే భాగం) దగ్గర 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. బ్రేకులు తయారుచేసే కంపెనీల్లో షిమానో మొదటి నుంచీ మినరల్ ఆయిల్ వాడుతుంటే, ఏళ్ల తరబడి డాట్ ద్రవంతో నడిచిన స్రామ్ 2024లో తెచ్చిన మావెన్ బ్రేకుల్లో మినరల్ ఆయిల్‌కు మారింది. ఒకదానికి పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

పట్టే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. వెనక బ్రేకును వదలకుండా సన్నగా పట్టుకుంటూ దిగితే రోటర్‌కు చల్లబడే వ్యవధే దొరకదు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేసే రైడర్‌కు అదే బ్రేకు చాలా ఎక్కువసేపు నమ్మకంగా పనిచేస్తుంది.

## సస్పెన్షన్: స్ప్రింగ్ ఒక పని, డ్యాంపర్ ఇంకో పని

ట్రావెల్ అంకె చక్రం ఎంత కదలగలదో చెబుతుంది, ఎలా కదులుతుందో చెప్పదు. కదలిక స్వభావాన్ని నిర్ణయించేవి మూడు: స్ప్రింగ్, దాని కదలిక వేగాన్ని అదుపు చేసే డ్యాంపర్, వెనక చక్రాన్ని షాక్‌కు (వెనక సస్పెన్షన్ భాగానికి) కలిపే లింకులు.

స్ప్రింగ్ గాలిది కావచ్చు, ఉక్కు చుట్టది కావచ్చు. గాలి స్ప్రింగ్ తేలిక. చిన్న పంపుతో రైడర్ బరువుకు తగ్గట్టు నిమిషంలో మార్చవచ్చు, చివర్లో దానంతటదే బిగుసుకుంటుంది. ఉక్కు స్ప్రింగ్‌లో సీళ్ల రాపిడి తక్కువ కాబట్టి చిన్న చిన్న కుదుపులకు కూడా వెంటనే స్పందిస్తుంది, పొడవైన దిగుడులో వేడికి దాని గట్టిదనం మారదు. బరువు ఎక్కువ, రైడర్ బరువు మారితే స్ప్రింగే మార్చాలి. ఉక్కు స్ప్రింగ్ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా నొక్కుకుంటుంది. చివర్లో బిగుసుకునే గుణం ఫ్రేమ్ లింకుల్లో ఉంటేనే అది నప్పుతుంది. అలా లేని ఫ్రేమ్‌కు ఉక్కు స్ప్రింగ్ వేస్తే పెద్ద దూకుళ్లలో షాక్ అడుగుకు కొట్టుకుంటుంది.

లింకుల సంగతి ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. డౌన్‌హిల్ షాక్ స్ట్రోక్ (అది నొక్కుకోగల దూరం) తరచుగా 75 మి.మీ. ఉంటుంది. చక్రం 200 మి.మీ. కదిలితే షాక్ 75 కదులుతుంది, అంటే సగటు నిష్పత్తి 2.67. ఇది మొదట్లో 3 దగ్గర ఉండి చివరికి 2.3 దాకా తగ్గే ఫ్రేమ్, మొదట మెత్తగా, చివర గట్టిగా ఉంటుంది. నిష్పత్తి అంతగా మారని ఫ్రేమ్‌కు గాలి షాక్ మేలు. రెండు బైకుల ట్రావెల్ ఒకటే అయినా స్వభావం ఇంత వేరుగా ఉండటానికి కారణం ఇదే.

సరిచేయడంలో తొలి మెట్టు సాగ్. పూర్తి సామగ్రి వేసుకుని బైక్ మీద నిలబడినప్పుడు సస్పెన్షన్ ఎంత కుంగుతుందన్నదే అది. డౌన్‌హిల్‌లో వెనక 30 శాతం దరిదాపుల్లో, ముందు 20 శాతం దగ్గర మొదలుపెడతారు. 75 మి.మీ. స్ట్రోక్ షాక్‌లో 30 శాతం అంటే సుమారు 22 మి.మీ. కుంగాలి. తర్వాతది రీబౌండ్, అంటే నొక్కుకున్న చక్రం తిరిగి వచ్చే వేగం. మరీ వేగంగా వస్తే బండి తన్నినట్టు ఎగురుతుంది. మరీ నెమ్మదైతే ఒక రాయి నుంచి తేరుకునేలోపు ఇంకో రాయి తగిలి, చక్రం మెల్లగా లోపలికే కుంగిపోతూ ఉంటుంది. ఉన్న 200 మి.మీ.లో సగమే మిగిలి, సస్పెన్షన్ రాయిలా గట్టిగా ఉందనిపిస్తుంది. అప్పుడు చాలామంది స్ప్రింగ్‌ను మెత్తబరుస్తారు, దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది. స్ప్రింగ్ గట్టిదైనకొద్దీ రీబౌండ్ డ్యాంపింగ్ పెంచాలి. కాబట్టి బరువైన రైడర్ సెట్టింగ్ తేలికైన రైడర్‌కు అచ్చుగుద్ది వాడుకోలేం.

చైన్ తెగిన బైక్‌తో గెలిచిన రేసుకు ఇక్కడ ఇంకో అర్థం ఉంది. వెనక చక్రం పైకి లేచేటప్పుడు చాలా ఫ్రేముల్లో అది కాస్త వెనక్కి కూడా జరుగుతుంది, ముందు పళ్ల చక్రానికీ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ అదనపు పొడవు కోసం చైన్ పెడళ్లను వెనక్కి లాగుతుంది. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు ఫ్రీవీల్ (పెడల్ ఆగినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) ఈ లాగుడును మింగేస్తుంది. వెనక బ్రేకు వేసి చక్రం ఆగిపోయినప్పుడు మాత్రం ఆ తన్ను నేరుగా పాదాలకు తగులుతుంది. చైనే లేకపోతే ఈ బాధ లేదు. ముందు పళ్ల చక్రం దగ్గర కొన్ని డిగ్రీల వదులు ఇచ్చే ఓచైన్ వంటి పరికరాలు ఈ ఆలోచన మీదే పనిచేస్తాయి. హై పివట్ ఫ్రేములది ఇంకో దారి. వెనక చక్రాన్ని పట్టే చేయి కదిలే కీలు (పివట్) బాగా పైన ఉండటంతో చక్రం రాయి తగిలిన దిశలోనే వెనక్కి జరుగుతుంది. పెరిగే చైన్ పొడవును సరిచేయడానికి ఒక చిన్న పళ్ల చక్రం అదనంగా పెడతారు. 2018లో రేసర్ అమోరీ పియెరాన్ ప్రపంచ కప్ సీజన్ టైటిల్ గెలిచిన కమెన్‌సాల్ సుప్రీమ్ బైక్ ఆ తరహాదే. చప్పుడు, శుభ్రం చేయాల్సిన భాగాలు దానికి మూల్యం.

## 29, 27.5, లేదా రెండూ

డౌన్‌హిల్‌లో చాలా కాలం 26 అంగుళాల చక్రాలు, కొన్నేళ్లు 27.5 అంగుళాలు నడిచాయి. 2017లో లూర్డ్ ప్రపంచ కప్‌కు శాంటా క్రూజ్ సిండికేట్ జట్టు 29 అంగుళాల వీ10 బైక్‌తో వచ్చింది. కొన్ని వారాలకే స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియంలో గ్రెగ్ మినార్ దాని మీద గెలిచాడు. ఆ తర్వాత మార్పు ఆగలేదు.

పెద్ద చక్రం అడ్డంకి మీదకు తక్కువ కోణంలో ఎక్కుతుంది. 10 సెం.మీ. రాయికి లెక్క కడితే తేడా డిగ్రీ పైచిలుకే. వినడానికి స్వల్పం, కానీ ఒక దిగుడులో అలాంటి దెబ్బలు వందల్లో ఉంటాయి, ప్రతిదీ కాస్త వేగాన్ని తింటుంది. పొట్టి రైడర్లకు నిటారు వాలులో వెనక 29 అంగుళాల చక్రం శరీరానికి తగులుతుంది. ముందు 29, వెనక 27.5 అన్న మిశ్రమ అమరిక, వాడుకలో మల్లెట్, దీనికి జవాబుగా వచ్చింది. రెండు చక్రాలూ ఒకే సైజులో ఉండాలన్న నిబంధనను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2019 సీజన్ నుంచి సడలించింది. అదే ఏడాది మోంట్ సెంట్ ఆన్‌లో లోయిక్ బ్రూనీ మిశ్రమ చక్రాల బైక్ మీదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వెనక చక్రం మార్చి 29 బైక్‌ను మల్లెట్‌గా చేయాలనుకునేవారు ఒకటి చూడాలి: పెడళ్ల ఇరుసు కిందకు దిగుతుంది, హెడ్ యాంగిల్ వాలుతుంది. దానికి తగ్గ లింకు ఫ్రేమ్ కంపెనీ ఇస్తేనే ఆ మార్పు బాగుంటుంది.

## ఒక భాగం బలపడితే భారం ఎటు పోతుంది?

రెండు క్రౌన్ల (గొట్టాలను కలిపి పట్టే అడ్డ భాగాల) ఫోర్క్ డౌన్‌హిల్ బైక్ గుర్తింపు. రాక్‌షాక్స్ బాక్సర్, ఫాక్స్ 40 వీటిలో పేరున్నవి. ఫాక్స్ పేరులోని 40 దాని గొట్టాల వ్యాసం, మి.మీ.లలో. బాక్సర్ చాలా కాలం 35 మి.మీ. గొట్టాలతో వచ్చి, 2023లో 38కి పెరిగింది. ఫ్రేమ్ ముందు గొట్టమైన హెడ్ ట్యూబ్‌కు పైనా కిందా రెండు చోట్ల పట్టు ఉండటంతో ఈ ఫోర్క్ వెనక్కి వంగదు, మెలి తిరగదు. వంగని ఫోర్క్ గొట్టాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోకుండా జారతాయి కాబట్టి సస్పెన్షన్ మెత్తగా ఉంటుంది.

మరి ట్రైల్ బైక్‌కు ఇదే ఫోర్క్ వేస్తే? ఫోర్క్ గట్టిపడింది కాబట్టి వంగాల్సిన బలమంతా హెడ్ ట్యూబ్ దగ్గర వెల్డింగ్‌కు చేరుతుంది. ఆ ఫ్రేమ్ అంత బలానికి తయారు కాలేదు. పైగా ఫోర్క్ పొడవు ప్రతి 10 మి.మీ.కు హెడ్ యాంగిల్‌ను దాదాపు అర డిగ్రీ వాలుస్తుంది, హ్యాండిల్ బాగా తిప్పితే గొట్టాలు ఫ్రేమ్‌కు తగులుతాయి. ఫ్రేమ్ తయారీదారు రాతపూర్వకంగా అనుమతించకపోతే వారంటీ కూడా పోతుంది. రోటర్ల విషయంలోనూ ఇంతే. ప్రతి ఫోర్క్‌కూ, ఫ్రేమ్‌కూ గరిష్ఠ రోటర్ కొలత ఉంటుంది, 220 బిగుస్తుంది కదా అని దాన్ని దాటకూడదు. బలమైన బ్రేకుకు పల్చటి టైరు జత చేస్తే చక్రం ఆగుతుంది, బండి జారుతూనే ఉంటుంది.

కొలతల ప్రమాణాలు మరో తలనొప్పి. డౌన్‌హిల్ వెనక హబ్ సాధారణంగా 157 మి.మీ., ఎండ్యూరోది 148. ముందు హబ్ రెండింటికీ 110 మి.మీ. వెడల్పే, కానీ ఇరుసు ఒకదానికి 20, ఇంకోదానికి 15. ఒక బైక్ చక్రాలు ఇంకో బైక్‌కు వాడుకుందామన్న ప్లాన్ ఇక్కడే ఆగిపోతుంది. రెండు క్రౌన్ల ఫోర్కుల్లో హెడ్ ట్యూబ్ లోపలికి వెళ్లే స్టీరర్ గొట్టం నిలువునా ఒకే లావు ఉంటుంది, ఎండ్యూరో ఫోర్కులది కిందకు వచ్చేసరికి లావవుతుంది. దాన్ని కలపడానికి వేరే హెడ్‌సెట్ (అక్కడి బేరింగుల జత) కావాలి.

## గేర్లు, హ్యాండిల్, పెడళ్లు

డౌన్‌హిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి గేర్లే సరైన చోటు. వెడల్పు, సన్నం పళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉండే ముందు పళ్ల చక్రం, చైన్ గైడ్, కింద రాళ్ల దెబ్బ కాచే బ్యాష్ గార్డ్ ఉంటే ఖరీదైన డిరైల్యూర్ (చైన్‌ను గేర్ల మధ్య మార్చే భాగం) అవసరం పెద్దగా ఉండదు. రాయికి తగిలి ముందుగా విరిగేది కూడా అదే. హ్యాండిల్ 780 నుంచి 800 మి.మీ. వెడల్పులో వస్తుంది. భుజాలు ఇరుకైనవారు దాన్ని కోసుకోవచ్చు. ఫ్లాట్ పెడల్, క్లిప్ పెడల్ వాదం రేసర్లలోనే తేలలేదు, రెండింటితోనూ ప్రపంచ ఛాంపియన్లు ఉన్నారు.

## హెల్మెట్: ఏ పరీక్షలో నెగ్గింది?

యూసీఐ డౌన్‌హిల్ పందేల్లో ఫుల్ ఫేస్ హెల్మెట్ తప్పనిసరి. కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది లోపల అంటించిన ప్రమాణం చీటీ. ఈఎన్ 1078 యూరప్‌లో మామూలు సైకిల్ హెల్మెట్లకు వర్తించే ప్రమాణం. దానిలో గడ్డం ముందుండే కడ్డీకి పరీక్షే లేదు. చూడటానికి ఫుల్ ఫేస్‌లా ఉండి ఆ చీటీ ఒక్కటే ఉన్న హెల్మెట్ గడ్డాన్ని ఎంత కాపాడుతుందో ఆ ప్రమాణం చెప్పదు. ఏఎస్టీఎం ఎఫ్1952 డౌన్‌హిల్ కోసమే రాసిన ప్రమాణం, కడ్డీ పరీక్ష అందులో భాగం. మిప్స్ అనే లోపలి పొర, తల ఏటవాలుగా తగిలినప్పుడు పెంకును 10 నుంచి 15 మి.మీ. మేరకు జరగనిచ్చి, మెదడుకు చేరే మెలి బలాన్ని తగ్గించేందుకు ఉద్దేశించింది.

మోకాలి ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వీపు కవచాలకు ఈఎన్ 1621-2 ప్రమాణాలున్నాయి. వీపు కవచంలో మొదటి స్థాయి సగటున 18 కిలోన్యూటన్ల వరకు బలాన్ని లోపలికి పోనిస్తుంది, రెండో స్థాయి 9 వరకే. రెండో స్థాయి కవచం మందంగా, ఉక్కపోతగా ఉంటుంది. వేసుకోకుండా సంచిలో ఉండిపోయే రెండో స్థాయి కంటే ఒంటి మీద ఉండే మొదటి స్థాయి మేలు. హెల్మెట్ లోపలి నురుగు ఒక్క పెద్ద దెబ్బకే నలిగిపోతుంది. పైకి గీత కనిపించకపోయినా మళ్లీ వాడకూడదు. పాత సామగ్రి మార్కెట్‌లో హెల్మెట్ కొనకపోవడమే మంచిదనడానికి కారణం ఇది.

## రాబోయే మార్పులు, పాత బైకుల ధర

ఫ్రేములు ఒక ఉమ్మడి కొలత వైపు మెల్లగా కదులుతున్నాయి. స్రామ్ 2019లో తెచ్చిన యూడీహెచ్ అనే డిరైల్యూర్ హ్యాంగర్‌ను (డిరైల్యూర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్కను) ఎన్నో కంపెనీలు తీసుకున్నాయి. 2023లో వచ్చిన అదే కంపెనీ ట్రాన్స్‌మిషన్ గేర్లు హ్యాంగర్ లేకుండా ఆ కొలత ఫ్రేములకే నేరుగా బిగుస్తాయి. హ్యాంగర్ సులువుగా దొరకడం సగటు కొనుగోలుదారుకు లాభం. ఆ కొలత లేని పాత ఫ్రేముల విలువ మాత్రం తగ్గుతుంది. ఎండ్యూరో బైకులు బలపడేకొద్దీ అసలు డౌన్‌హిల్ బైకుల మార్కెట్ ఇరుకవుతుంది, పాత డౌన్‌హిల్ బైకులు చవగ్గా దొరుకుతాయి.

ఆ చవక వెనక లెక్క ఒకటుంది. ఫోర్క్ కింది గొట్టాల నూనెను 50 గంటలకోసారి మార్చాలని రాక్‌షాక్స్ వంటి కంపెనీలు చెబుతాయి. లిఫ్ట్ మీద రోజంతా తిరిగే బైక్‌లో ఆ గంటలు చాలా త్వరగా నిండుతాయి, పైగా అవన్నీ దిగుడు గంటలే. పాత బైక్ చూసేటప్పుడు ఫోర్క్ గొట్టాల మీద గోరుకు తగిలే గీత ఉందా, హెడ్ ట్యూబ్ వెల్డింగ్ దగ్గర రంగు చిట్లిందా, వెనక లింకుల కీళ్లలో వదులు ఉందా, రిమ్ముకు సొట్టలున్నాయా అన్నవి వరసగా చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నా టైర్లు, ప్యాడ్లు, బ్రేకు ద్రవం, ఫోర్క్ సర్వీసు ఖర్చు అడిగిన ధరకు కలుపుకోవాలి. అలా కలిపాక వచ్చే మొత్తాన్నే కొత్త ఎండ్యూరో బైక్ ధరతో పోల్చాలి.